ఉప్పెక్కిన బిందె

భీమవరానికి అవతల, సముద్రం వైపు పోయే దారిలో మా పిన్ని వాళ్ళ ఊరు. వేసవిలో నాలుగు రోజులుందామని వెళ్ళాను. వెళ్ళిన పూటే వంటింట్లో పిన్ని చిరాకు పడుతోంది. కుక్కరు ఆరు కూతలు కూసింది. మూత తీసి చూస్తే కందిపప్పు బద్ద బద్దగానే ఉంది.

"పాత పప్పేమో పిన్నీ" అన్నాను.

"తప్పు పప్పుది కాదే అమ్మాయ్, నీళ్ళది. ఇదే పప్పు టిన్ను నీళ్ళు పోసి పెట్టు, రెండు కూతలకే వెన్నలా అయిపోతుంది" అంది.

టిన్ను నీళ్ళంటే ఇరవై లీటర్ల ప్లాస్టిక్ డబ్బాల్లో ఆటో మీద ఇంటింటికీ వచ్చే కొనుగోలు నీళ్ళు. గోదావరి డెల్టాలో, ఇంటి ముందు పంట కాలవ పారే ఊళ్ళో, మంచినీళ్ళు కొనుక్కోవడం! మా అమ్మమ్మ వింటే నమ్మేది కాదు.

పిన్ని ఐదో క్లాసుతో చదువు ఆపేసింది. అయినా నీళ్ళలో ఉప్పెక్కిందని చెప్పడానికి ఆవిడకి లాబొరేటరీ అక్కర్లేదు. పప్పు ఉడక్కపోవడం ఒకటి. బట్టల సబ్బుకి నురగ రాకపోవడం ఒకటి. బిందె అడుగున తెల్లటి పొర. కుడితి తొట్టిలో మూతి పెట్టిన గేదె తల వెనక్కి తీసుకోవడం. ఈ గుర్తులన్నీ ఊళ్ళో ఆడవాళ్ళకి ముందు తెలుస్తాయి. మగవాళ్ళకి చాలాకాలం తర్వాత తెలుస్తాయి. పప్పు సంగతి వాళ్ళకి కంచంలోకి వచ్చాక గదా తెలిసేది!

రెండు కాలవల కథ

ఈ ఉప్పు ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పాలంటే డెల్టాలో నీళ్ళు ఎలా నడుస్తాయో కొంచెం చెప్పుకోవాలి. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. ఆ నీళ్ళే మన అన్నం. అయితే ఇక్కడ కాలవలు రెండు రకాలు. పంట కాలవ నీళ్ళు తెస్తుంది. మురుగు కాలవ, అదే డ్రెయిను, చేలల్లో మిగిలిన నీళ్ళని సముద్రానికి తీసుకుపోతుంది. యనమదుర్రు, గొంతేరు ఇలాంటి డ్రెయిన్లే. ఈ రెండూ కలవకూడదు. వంటింటి నీళ్ళ పంపూ, తూమూ కలిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

వేసవిలో కాలవలు కట్టేస్తారు. కట్టే లోపల ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి. మళ్ళీ కాలవ వదిలేదాకా ఊరంతా ఆ చెరువు మీదే బతకాలి. అంటే చెరువు నింపే రోజున కాలవలో ఏ నీళ్ళు ఉంటే, రెండు నెలలపాటు మన బిందెల్లో ఆ నీళ్ళే ఉంటాయన్నమాట.

1990 ప్రాంతాల్లో టైగరు రొయ్య వచ్చింది. వరి చేలు తవ్వి చెరువులు చేశారు. ఒక్క పంటకే మేడలు కట్టినవాళ్ళున్నారు. 1994 వచ్చేసరికి తెల్లమచ్చ వైరస్ తగిలి, మేడ కట్టినవాడే మేడ అమ్ముకున్నాడు. 2009లో వనామి రొయ్యకి అనుమతి వచ్చాక మళ్ళీ మొదలైంది. ఈ వనామికి సముద్రమంత ఉప్పు అక్కర్లేదు, కాస్త ఉప్పదనం ఉంటే చాలు. దాంతో సముద్రానికి దూరంగా, నిన్నటిదాకా సార్వా, దాళ్వా రెండు పంటలూ పండిన మాగాణిలోకి కూడా చెరువులు వచ్చేశాయి. ఉప్పు బోరు వేసి నీళ్ళు తోడతారు. రొయ్యలు పట్టాక ఆ నీళ్ళని డ్రెయిన్లోకి వదులుతారు. డ్రెయిను దూరమైతే, రాత్రిపూట దగ్గర్లో ఉన్న ఏ బోదెలోకైనా వదిలేవాళ్ళూ ఉన్నారు.

గట్టు ఎంత గట్టిగా వేసినా ఉప్పు ఊట ఆగదు. పక్క చేలో నారు ఎర్రబడుతుంది. ఒక ఏడాది చూస్తాడు రైతు, రెండేళ్ళు చూస్తాడు. మూడో ఏడు తనూ చెరువుకే ఇచ్చేస్తాడు. అప్పుడు అతని పక్కవాడి వంతు. ఇష్టపడి ఇచ్చినవాళ్ళు కొందరైతే, గత్యంతరం లేక ఇచ్చినవాళ్ళు మరికొందరు. రికార్డుల్లో మాత్రం అందరూ రొయ్యల రైతులే.

తుందుర్రులో ఏం జరిగింది?

ఈ సంగతి చెప్పుకుంటూ తుందుర్రు పేరు ఎత్తకుండా ఉండలేం. భీమవరం మండలంలో ఊరు. అక్కడ మెగా ఆక్వా ఫుడ్ పార్కు పెట్టాలని తలపెట్టారు. అంటే రొయ్యలూ చేపలూ శుద్ధి చేసి, గడ్డకట్టించి, విదేశాలకి పంపే పెద్ద కర్మాగారం. ఉద్యోగాలొస్తాయన్నారు. కాలుష్యం ఏమీ ఉండదన్నారు. తుందుర్రు, జొన్నలగరువు, కంసాలి బేతపూడి ఊళ్ళవాళ్ళు ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "రొయ్యలు కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయండీ?" అని. గొంతేరులోకే పోతాయని వాళ్ళ భయం. గొంతేరులో వేట మీద బతికే కుటుంబాలున్నాయి, దాని ఒడ్డున చేలున్నాయి. వాళ్ళు కర్మాగారం అసలు వద్దనలేదు, సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళి పెట్టుకోమన్నారు. వ్యర్థజలాన్ని గొట్టం వేసి సముద్రంలోకి పంపుతామని ప్రభుత్వం చెప్పింది. ముందు గొట్టం వెయ్యండి, తర్వాత ఫ్యాక్టరీ కట్టండి అన్నారు వీళ్ళు. ఇల్లు కట్టేటప్పుడు తూము సంగతి తేల్చకుండా ఏ ఇల్లాలైనా గోడ లేపనిస్తుందా?

2016లో ఆ ఊళ్ళ పేర్లు రాష్ట్రమంతా మోగాయి. 144 సెక్షను పెట్టారు, పోలీసులు మకాం వేశారు. ముందు వరసలో కూర్చున్నది ఆడవాళ్ళే. పొద్దున్నే వంట ముగించి, పిల్లల్ని బడికి పంపి, వచ్చి కూర్చునేవారు. ఒక పెద్దావిడ మీద హత్యాయత్నం కేసు పెట్టి జైల్లో ఉంచారు. వారాల తరబడి ఉందావిడ లోపల. మనవల్ని ఎత్తుకోవలసిన వయసులో హత్యాయత్నం! ఆవిడ పేరు పేపర్లలో, టీవీల్లో వచ్చింది. ఇక్కడ రాయడం లేదు. ఆవిడ చోట మా పిన్ని ఉండొచ్చు, మీ అత్తగారు ఉండొచ్చు.

వాళ్ళ భయం ఉత్త భయమేనా? 2017 మార్చి 30న మొగల్తూరు దగ్గర నల్లంవారితోటలో ఒక రొయ్యల శుద్ధి కర్మాగారంలో వ్యర్థజలాల ట్యాంకు శుభ్రం చెయ్యడానికి దిగిన కూలీలు విషవాయువు పీల్చి చనిపోయారు. ఒకరు కాదు, ఐదుగురు. కాలుష్యం ఏమీ లేదన్న నీళ్ళలోకి దిగిన మనిషి మళ్ళీ పైకి రాలేదు. ఐదిళ్ళలో ఆ సాయంత్రం ఎసట్లో బియ్యం పోసినవాళ్ళు లేరు.

ఆడవాళ్ళే ఎందుకు ముందుంటారు?

"మీ ఆడవాళ్ళని ముందు కూచోబెడితే పోలీసులు కొట్టరని మగాళ్ళ ఎత్తు" అంటారు కొందరు. అలాంటి ఎత్తు ఎక్కడా ఉండదని నేననను. కానీ నీళ్ళ విషయంలో అది నిజం కాదు. బిందె మోసేది ఎవరో వాళ్ళకే దాని బరువు తెలుస్తుంది. నీళ్ళు దూరమైతే నడిచేది ఆడది. నీళ్ళు పాడైతే పిల్లాడి విరేచనాలు కడిగేది ఆడది. టిన్ను కొనాల్సి వస్తే కూరల డబ్బులోంచి కోత పెట్టేది ఆడది.

1985లో ప్రకాశం జిల్లా కారంచేడులో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. మాదిగపల్లె వాళ్ళు తాగే చెరువు దగ్గర గేదెల కుడితి తొట్టి కడుగుతుంటే ఒక కుర్రాడు వద్దన్నాడు. వాణ్ణి కొట్టబోతే, నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త తన చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు జూలై 17న ఆ పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. దళిత ఉద్యమ చరిత్రలో పెద్ద మలుపు ఆ బిందె దగ్గరే మొదలైంది. మంచినీళ్ళ చెరువు అనేది కులానికీ కులానికీ మధ్య ఎప్పుడూ గీతే మన ఊళ్ళల్లో. పర్యావరణం అనే పెద్ద మాట వాడినప్పుడు మనకి ఈ సంగతి గుర్తుండదు. కొబ్బరి చెట్లూ, పడవలూ గుర్తొస్తాయి.

పిన్ని వాళ్ళ ఊళ్ళోనూ అంతే. ఊరి నడిబొడ్డున ఇళ్ళకి కుళాయి ఉప్పగా వస్తే టిన్ను కొంటారు. చివరనున్న పేటలో రోజుకి రెండు టిన్నులు కొనాలంటే కూలి డబ్బుల్లో ఎంత పోతుందో లెక్క వేసుకోండి. వాళ్ళు వంటకి టిన్ను, తాగడానికి టిన్ను, మిగతా అన్నిటికీ ఆ బోరే. పిల్లల ఒళ్ళు దురదలనే మాట ఆ వీధిలో అడుగు పెట్టగానే వినిపిస్తుంది.

ఊడ్పులు పోయాయి

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. చెరువు తవ్వితే నీళ్ళతోపాటు పని కూడా పోతుంది. ఎకరం వరి చేలో నారు తీతకి, ఊడ్పులకి, కలుపుకి, కోతకి, నూర్పిడికి ఎంతమంది ఆడవాళ్ళ చేతులు కావాలో పొలం ఉన్న ఇంట్లో పుట్టినవాళ్ళకి తెలుసు. అదే ఎకరం చెరువైతే, గట్టు మీద మేత చల్లే కుర్రాడు ఒకడు, రాత్రి ఏరేటర్లకి కాపలా ఒకడు. అంతే. ఆడవాళ్ళకి అందులో పని లేదు.

మా బాబాయి బతికున్నప్పుడు మా పిన్ని వాళ్ళ చేలో ఏటా ఊడ్పులకి వచ్చే ఒకావిడ ఉంది. ఆవిడ పాట అందుకుంటే ముఠా అంతా వంత పాడేది. గట్టు మీద కూర్చుని వినేదాన్ని చిన్నప్పుడు. ఇప్పుడావిడ తెల్లవారకుండానే వ్యాను ఎక్కి రొయ్యల షెడ్డుకి పోతోంది. రొయ్యలకి తల తీసి, పొట్టు వలవడం. కిలోల లెక్కన కూలి. మంచు నీళ్ళల్లో చేతులు పెట్టి పొద్దస్తమానం నించోవాలి. చేతులు చూపించింది నాకు. గోళ్ళ చుట్టూ చర్మం తెల్లగా ఉబ్బి, చీలి ఉంది.

"పాట పాడుకుంటారా అక్కడ?" అని అడిగాను, ఏదో అడగాలని.

"మాస్కు కట్టుకుంటామండీ. పాటెక్కడ?" అంది.

అలాగని షెడ్డు మూసెయ్యమంటే ఆవిడ ఒప్పుకోదు. "వరి లేదు, షెడ్డూ లేకపోతే మేం తినేదేంటండీ" అంటుంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. 2025 ఆగస్టులో అమెరికా మన రొయ్యల మీద సుంకం యాభై శాతానికి పెంచినప్పుడు ఇక్కడ చెరువుల గట్ల మీద గగ్గోలు పుట్టింది. అంత దూరాన ఎవరో సంతకం పెడితే ఈ వ్యానులో ఎక్కే ఆడవాళ్ళ పని ఊగిసలాడే స్థితికి వచ్చాం మనం. ఊడ్పుల పని గోదావరిలో నీళ్ళుంటే చాలు, దొరికేది.

ఇక దాచుకోకుండా ఒప్పుకుంటాను. మా పిన్ని రెండెకరాలూ చెరువే ఇప్పుడు. బాబాయి పోయాక కౌలుకిచ్చింది. అటూ ఇటూ చెరువులు తవ్వడంతో దాళ్వా ఎర్రబడిపోయి, కౌలుదారు చేతులెత్తేశాడు. చెరువుకిస్తే వరి కౌలుకి ఎన్నో రెట్లు ముందే చేతిలో పెట్టారు. ఆ డబ్బుతోనే మా చెల్లెలి పెళ్ళి జరిగింది. ఆ పెళ్ళిలో రొయ్యల ఇగురు వడ్డించారు, నేనూ రెండోసారి అడిగి వేయించుకున్నాను. పప్పు ఉడకని వంటింట్లో నిలబడి ఎవర్ని తిట్టాలో తెలీక ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

కోర్టు ఏమంది?

చట్టం మనకి కొత్తేమీ కాదు. తమిళనాడులో నాగపట్నం వైపు ఇదే కష్టం వచ్చినప్పుడు గాంధేయవాది జగన్నాథన్, ఆయన భార్య కృష్ణమ్మాళ్ ఊరూరూ తిరిగి ఆడవాళ్ళని కూడగట్టారు. కృష్ణమ్మాళ్ దళిత కుటుంబంలో పుట్టిన మనిషి. దున్నేవాళ్ళకి భూమి ఇప్పించడం కోసం 1981లో ‘లాఫ్టి’ అనే సంస్థ పెట్టారు. రొయ్యల చెరువుల మీద జగన్నాథన్ సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. సముద్రపు పోటు గీత నుంచి అయిదువందల మీటర్ల లోపల సంప్రదాయ పద్ధతులు తప్ప మిగతా రొయ్యల చెరువులు తీసెయ్యాలంది. పంటభూముల్ని, మడ అడవుల్ని, ఊరి ఉమ్మడి భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదంది. పాడు చేసినవాడే బాగుచేసే ఖర్చు పెట్టుకోవాలంది. ఎంత బాగుంది!

2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం చేసి, అనుమతులతో సాగుకి దారి ఇచ్చింది. తీర్పులో వద్దన్నది చట్టంలో అనుమతి అయింది. ఆ దంపతులకి 2008లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం వచ్చింది. మన రాష్ట్రంలో 2020లో ఆక్వాకల్చర్ అభివృద్ధికి వేరే చట్టం వచ్చింది, దాని ప్రకారం చెరువుకి లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉందా, ఏ సర్వే నంబరుకి ఉంది, నీళ్ళు ఎటు వదులుతామని రాశారు అని అడిగే హక్కు మనకుంది.

ఎలా అడగాలంటారా? సమాచార హక్కు చట్టం కింద తెల్లకాయితం మీద రాసిస్తే చాలు. మన రాష్ట్రంలో పంచాయతీ స్థాయిలో రుసుము లేదు, మండలంలో ఐదు రూపాయలు, ఆపైన పది. పేద కుటుంబాలకి అదీ లేదు. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. "మాకు రాయడం రాదండీ" అంటారు పేటలో ఆడవాళ్ళు. వాళ్ళ పిల్లలు డిగ్రీ చదువుతున్నారు, వాళ్ళు రాస్తారు. డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న నాలాంటివాళ్ళమూ రాయొచ్చు. కథలు రాసే చేత్తో అర్జీ రాయడం నాకు మొదట నామోషీగా అనిపించింది. రాసి చూస్తే కథకన్నా అర్జీయే కష్టం. ఒక్క విశేషణం ఎక్కువైనా గుమాస్తా రెండో పేజీ తిప్పడు.

ఇంకోటి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్‌లో ప్రతి ఊళ్ళో ఐదుగురు ఆడవాళ్ళకి నీటి పరీక్ష నేర్పించాలని ఉంది. చిన్న పెట్టె ఇస్తారు. గాజు గొట్టంలో నీళ్ళు పోసి చుక్కలు వేస్తే రంగు మారుతుంది. క్లోరైడు లీటరుకి 250 మిల్లీగ్రాములు దాటకుండా ఉండాలన్నది ప్రమాణం. మరో దిక్కు లేకపోతేనే వెయ్యి దాకా. మీ ఊళ్ళో ఆ ఐదుగురు ఎవరో, ఆ పెట్టె ఎక్కడుందో ఒకసారి కనుక్కోండి. పెట్టె దొరికితే పిన్ని కందిపప్పుకి ఒక అంకె దొరికినట్టే. ఆఫీసుల్లో అంకెలకున్న మర్యాద పప్పుకి లేదు కదా!

నేను వచ్చేసే ముందు రోజు సాయంత్రం ఆ షెడ్డు ఆవిడ, పేటలో మరో ముగ్గురు ఇంటికొచ్చారు. చేతిలో కాయితం. మంచినీళ్ళ చెరువు నింపే బోదెలోకి చెరువుల నీళ్ళు వదలకుండా చూడాలని అర్జీ. అప్పటికి నలభై సంతకాలున్నాయి. అన్నీ పేటవే. ఊళ్ళోవి ఒక్కటీ లేదు.

"మీరు పెడితే ఊళ్ళో మిగతావాళ్ళూ పెడతారండీ" అంది ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి.

పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. చెరువు లీజు సంక్రాంతికి అయిపోతుంది. సంతకం పెట్టిందని తెలిస్తే లీజుదారు మళ్ళీ తీసుకోకపోవచ్చు. ఆ డబ్బు లేకపోతే పిన్నికి మందులు కూడా కష్టమే. వరికి ఇద్దామంటే ఆ నేలలో ఉప్పు విరగడానికి ఎన్నేళ్ళు పడుతుందో.

"లోపలికొచ్చి కూచోండే ముందు" అంది చివరికి. నలుగురూ వచ్చి చాప మీద కూర్చున్నారు. నేను పెన్ను ఇచ్చాను. పిన్ని కాయితం రెండుసార్లు చదివించుకుంది. "నా చెరువు నీళ్ళు కూడా ఆ బోదెలోకే వస్తున్నాయని రాశారా ఇందులో?" అని అడిగింది.

"లేదండీ. మీ పేరు ఎందుకని..." అని ఆవిడ నసిగింది.

"రాయండి. లేకపోతే నా సంతకానికి అర్థమేముంది?" అంది పిన్ని. నా చేతే రాయించింది, సర్వే నంబరుతో సహా.

సోమవారం పొద్దున్న భీమవరం బస్సెక్కారు ఐదుగురూ, కలెక్టరాఫీసులో అర్జీ ఇవ్వడానికి. నేను రాజమండ్రి బస్సు కోసం అదే స్టాపులో నిలబడ్డాను. పిన్ని సంచిలో ఒక సీసాడు కుళాయి నీళ్ళు, ఒక స్టీలు డబ్బా ఉన్నాయి. దారిలో తినడానికేమో అనుకుని "ఏం పెట్టుకున్నావ్ పిన్నీ" అన్నాను.

"నిన్నటి పప్పు" అంది. "అర్జీ చదవడానికి తీరిక లేదంటే, ఒక బద్ద నమిలి చూడమంటాను."